కౌంట్ తగ్గింది సరే, ఎందుకు తగ్గింది?

రక్తపరీక్ష రిపోర్టులో ఒక అంకె పక్కన కిందికి బాణం గుర్తు కనిపించగానే ఎవరికైనా వచ్చే మొదటి ప్రశ్న, "ఇది పెరగాలంటే ఏం వాడాలి?" అని. హిమోగ్లోబిన్ తగ్గితే ఐరన్ మాత్ర, ప్లేట్‌లెట్లు తగ్గితే ప్లేట్‌లెట్లు ఎక్కించడం, తెల్లకణాలు తగ్గితే ఏదో ఒక ఇంజెక్షన్. వినడానికి సబబుగానే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, అంకెను పెంచే మందూ జబ్బును తగ్గించే మందూ ఎప్పుడూ ఒకటే కానక్కర్లేదు. అంకె చక్కగా పెరిగి మనిషి పరిస్థితి దిగజారిన ఉదంతాలు కూడా ఈ రంగంలో ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్లేముందు కణాల సంగతి కొంచెం చెప్పుకోవాలి.

రక్తకణాలన్నీ ఎముకల్లోని మూలుగలో పుడతాయి. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ప్లేట్‌లెట్ ఆయుష్షు వారం నుంచి పది రోజులు. ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్లకణం రక్తంలో తిరిగేది సాధారణంగా కొన్ని గంటలే. మందు ఎంత త్వరగా పనిచేస్తుందన్న సందేహాలు చాలావరకు ఈ ఆయుష్షుల లెక్కతోనే తీరిపోతాయి. కీమోథెరపీ వల్ల మూలుగ దెబ్బతింటే ముందు పడిపోయేవి న్యూట్రోఫిల్స్, ఆ వెనుక ప్లేట్‌లెట్లు. హిమోగ్లోబిన్ మాత్రం వారాల తరబడి మెల్లగా తగ్గుతుంది. పెరగడంలోనూ దానిది అదే నిదానం. ఐరన్ మొదలుపెట్టిన నాలుగో రోజున పరీక్ష చేయించుకుని, పెరగలేదని టెన్షన్ పడటంలో అర్థం లేదు.

కణాలు తగ్గడానికి కారణాలు బోలెడు. కానీ డాక్టరు మనసులో తిరిగే ప్రశ్నలు కొన్నే. తయారీకి కావలసిన సరుకు ఉందా? తయారుచేయమనే కబురు మూలుగకు అందుతోందా? తయారైన కణాలు పూర్తికాలం బతుకుతున్నాయా, మధ్యలోనే పోతున్నాయా? ఇంకొకటి కూడా ఉంది: అసలు మూలుగే దెబ్బతిన్నదా? అన్నిటికన్నా కష్టమైనది అదే.

ఈ ప్రశ్నలను విడదీయడానికి రెటిక్యులోసైట్ కౌంట్ అనే చిన్న పరీక్ష చాలా పనికొస్తుంది. అప్పుడే మూలుగ నుంచి బయటికొచ్చిన పసి ఎర్రకణాల లెక్క అది. రక్తహీనత ఉండి ఈ లెక్క బాగా ఎక్కువగా ఉంటే, మూలుగ తన పని తాను చేస్తోంది, కణాలే బయట ఎక్కడో పోతున్నాయి అని. తక్కువగా ఉంటే లోపం తయారీలోనే ఉంది. ఈ పరీక్షకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

ఐరన్: అందరికీ తెలిసిన మందు, అంతగా తెలియని లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ మగవాళ్లలో 13 గ్రాములు, ఆడవాళ్లలో 12, గర్భిణుల్లో సుమారు 11 కంటే తగ్గితే రక్తహీనత. దీనికి అన్నిటికన్నా పెద్ద కారణం ఐరన్ లోపం.

మన ఒంట్లో ఉండే మొత్తం ఐరన్ 3 నుంచి 4 గ్రాములు. అందులో ఎక్కువ భాగం హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ముసలి ఎర్రకణాలను శరీరం విడగొట్టి, అందులోని ఐరన్‌ను మళ్లీ వాడుకుంటుంది. రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు ఇలా తిరుగుతుంటే, పేగుల నుంచి కొత్తగా చేరేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే. ఎక్కువైన ఐరన్‌ను బయటికి పంపే ఏర్పాటు శరీరానికి లేదు. అందుకే లోపలికి రానివ్వడంలోనే అంత పిసినారితనం. ఆ కట్టడి చేసేది కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్. 2000 ప్రాంతంలో దీన్ని గుర్తించాకే ఐరన్ మాత్రల విషయంలో ఎన్నో పాత చిక్కుముడులు విడిపోయాయి.

ఒక మాత్ర వేసుకోగానే హెప్సిడిన్ పెరుగుతుంది. దాదాపు ఒక రోజు పాటు పెరిగే ఉంటుంది. ఆ సమయంలో వేసుకున్న రెండో మాత్రలోని ఐరన్ శాతం ప్రకారం తక్కువగా లోపలికి వెళ్తుంది. మిగిలింది పేగుల్లోనే ఉండి కడుపునొప్పి, మలబద్ధకం తెచ్చిపెడుతుంది. ఐరన్ తక్కువగా ఉన్న యువతులపై చేసి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రోజూ కంటే రోజు విడిచి రోజు ఇచ్చినప్పుడే ఎక్కువ ఐరన్ ఒంటబట్టింది. రోజుకు మూడు మాత్రలు రాసే పాత అలవాటు మీద అప్పటినుంచి నమ్మకం సడలింది. ఇప్పుడు చాలామంది డాక్టర్లు రోజుకొకటి, లేదా రోజు మార్చి రోజు ఇస్తున్నారు. అయితే ఎవరికి ఏది అన్నది లోపం తీవ్రతను బట్టి వాళ్లు తేల్చాల్సిన మాట. గర్భిణులకు ఇచ్చే లెక్క వేరే ఉంటుంది.

ఫెర్రస్ సల్ఫేట్, ఫ్యూమరేట్, గ్లూకోనేట్, ఆస్కార్బేట్ అని పేర్లు ఎన్ని ఉన్నా చూడాల్సింది అందులోని అసలు ఐరన్ ఎన్ని మిల్లీగ్రాములు అని. దాన్ని డబ్బా మీద ఎలిమెంటల్ ఐరన్ అని రాస్తారు. టీ, కాఫీ, కాల్షియం మాత్రలు, అసిడిటీ మందులు ఐరన్‌ను అడ్డుకుంటాయి కాబట్టి వాటికి ఎడం ఉండాలి. విటమిన్ సి జతచేస్తే చాలా మేలని ఎప్పటినుంచో వింటున్నాం. 2020లో వెలువడిన ఒక ట్రయల్‌లో మాత్రం అది కలిపినా కలపకపోయినా హిమోగ్లోబిన్ పెరగడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మలం నల్లబడితే భయపడక్కర్లేదు, అది మాత్ర రంగు. అయితే తారులా జిగటగా, విపరీతమైన వాసనతో వస్తే అది పేగుల్లో రక్తస్రావం కావచ్చు, చూపించుకోవాలి.

హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి రాగానే మాత్రలు ఆపేయడం అందరూ చేసే పొరపాటు. ఖాళీ అయిన నిల్వలు నిండాలంటే ఆ తర్వాత కూడా సుమారు మూడు నెలలు వాడాలి. ఆ నిల్వల్ని చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే ఫెరిటిన్ కూడా పెరుగుతుంది కాబట్టి, అది మామూలుగా కనిపించినంత మాత్రాన లోపం లేదని అప్పుడు చెప్పలేం.

ఐరన్ మాత్రతో ఇంకో ప్రమాదం ఉంది. అది పనిచేయకపోతే కాదు, పనిచేస్తేనే. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో గానీ మగవాళ్లలో గానీ ఐరన్ తగ్గిందంటే అది ఎక్కడికో పోతోందని అర్థం. పేగుల్లో పుండో, కొన్నిసార్లు క్యాన్సరో ఉండవచ్చు. మాత్రలతో అంకె సర్దుకుంటే వెతకడం ఆగిపోతుంది, లోపలి జబ్బు మాత్రం ముదురుతూనే ఉంటుంది. ఈ వయసువాళ్లలో ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అడిగేది అందుకే.

మాత్రలు పడనివాళ్లకు, పేగుల జబ్బులున్నవాళ్లకు, కిడ్నీ రోగులకు, కాన్పు దగ్గరపడ్డవాళ్లకు నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. ఐరన్ సుక్రోజ్ అయితే కొన్ని విడతల్లో, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకటి రెండు విడతల్లో పని అయిపోతుంది. ఈ రెండోదానితో కొందరిలో రక్తంలోని ఫాస్ఫేట్ పడిపోతుంది. మళ్లీ మళ్లీ ఎక్కించుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రియాక్షన్లు ఇప్పుడు అరుదు. అయినా ఆస్పత్రిలోనే ఎక్కించుకోవాలి.

ఐరన్ అసలు అవసరం లేని రక్తహీనత కూడా ఉంది. తలసేమియా వాహకులలో ఎర్రకణాలు చిన్నగా ఉంటాయి, హిమోగ్లోబిన్ కాస్త తగ్గుతుంది. రిపోర్టు అచ్చం ఐరన్ లోపంలాగే కనిపిస్తుంది. ఫెరిటిన్ చూడకుండా ఏళ్ల తరబడి ఐరన్ వాడినా వీళ్ల అంకె కదలదు. పదేపదే రక్తం ఎక్కించుకోవలసిన తలసేమియా రోగులది పూర్తిగా ఎదురు సమస్య. గుండెలో, కాలేయంలో పేరుకున్న ఐరన్‌ను తీసేయడానికి వాళ్లకు డెఫెరాసిరాక్స్, డెఫెరిప్రోన్ లాంటి మందులు ఇస్తారు.

బి12, ఫోలేట్

1920ల దాకా, బి12 ఒంటబట్టక వచ్చే పర్నీషియస్ అనీమియా అనే రక్తహీనత అంటే దాదాపు మరణశిక్షే. 1926లో అమెరికా డాక్టర్లు మైనట్, మర్ఫీ రోగులకు పెద్ద మోతాదులో కాలేయం తినిపించి బతికించారు. అంతకుముందే కుక్కల మీద ప్రయోగాలతో దారి చూపిన విపుల్‌తో కలిపి 1934లో వాళ్లకు నోబెల్ వచ్చింది. కాలేయంలో ఉన్న ఆ పదార్థం విటమిన్ బి12 అని 1948లో తేలింది. 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరు మిల్లు కార్మికులైన గర్భిణుల్లో రక్తహీనతను పరిశీలిస్తూ, ఈస్ట్ సారం ఇస్తే అది తగ్గుతోందని గమనించింది. అందులో పనిచేసింది ఫోలేట్.

ఈ రెండు విటమిన్లలో ఏది తగ్గినా ఎర్రకణాలు పెద్దవవుతాయి. రిపోర్టులో ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు పరిమాణం, పెరుగుతుంది. పోలిక ఇంత ఉన్నా ఒకదాని బదులు ఇంకొకటి వాడటం ప్రమాదం. బి12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే హిమోగ్లోబిన్ చక్కగా పెరగవచ్చు. కానీ కాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు ముదురుతూ పోతాయి. నరాలకు కావలసింది బి12. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా తిరిగిరాదు. అంకె బాగుంది, మనిషి బాగాలేడు అనడానికి ఇంతకన్నా తేలికగా అర్థమయ్యే ఉదాహరణ లేదు.

షుగర్‌కు మెట్‌ఫార్మిన్, అసిడిటీకి ఒమెప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గే అవకాశం ఉంది. చికిత్స ఇంజెక్షన్లతోనే ఉండాలని లేదు. రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటే, పేగుల్లో దాన్ని పట్టుకునే మామూలు ఏర్పాటు చెడిపోయినా, ఒక శాతం దాకా దానంతటదే రక్తంలోకి దిగుతుంది. రోజువారీ అవసరానికి అది సరిపోతుంది. నరాల లక్షణాలు ఉన్నవాళ్లకు మాత్రం ఇంజెక్షన్లతోనే మొదలుపెడతారు.

కబురు అందనప్పుడు

ఎర్రకణాలు తయారుచేయమని మూలుగకు చెప్పేది ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్. క్లుప్తంగా ఈపీఓ. ఇది ప్రధానంగా కిడ్నీల్లో తయారవుతుంది. కిడ్నీలు చెడితే రక్తహీనత రావడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ హార్మోన్‌ను విడదీసిన కథ చికిత్సకు సంబంధించిన ఒక కీలకమైన సంగతి కూడా చెబుతుంది. గోల్డ్‌వాసర్, మియాకే బృందం 1977లో దీన్ని శుద్ధిచేసింది 2,550 లీటర్ల మూత్రం నుంచి. ఆ మూత్రం జపాన్‌లోని ఎప్లాస్టిక్ అనీమియా రోగులది. ఆ రోగులే ఎందుకంటే, వాళ్ల మూలుగ ఎండిపోయి ఉంటుంది. కిడ్నీలు కబురు మీద కబురు పంపుతూనే ఉంటాయి, పలికే మూలుగ లేదు. అందుకే వాళ్ల మూత్రంలో ఈపీఓ దండిగా ఉంటుంది. అలాంటివాళ్లకు బయటినుంచి ఇంకా ఈపీఓ ఇచ్చి ప్రయోజనం ఏముంటుంది? కిడ్నీ రోగికి ప్రాణం పోసే మందు వీళ్ల దగ్గర పెద్దగా పనిచేయదు. హిమోగ్లోబిన్ అంకె ఇద్దరిలోనూ ఒకటే అయినా సరే.

జన్యువును వేరుచేసి ఈపీఓను ప్రయోగశాలలో తయారుచేయడం మొదలయ్యాక, 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. డయాలసిస్ రోగులకు నెలనెలా రక్తం ఎక్కించే బాధ బాగా తగ్గింది. సైకిల్ రేసుల్లో కొందరు ఆటగాళ్లు దీన్ని దొంగచాటుగా వాడి అపఖ్యాతి తెచ్చారు, అది వేరే కథ. ఇంత మంచి మందు దొరికాక, హిమోగ్లోబిన్‌ను పూర్తి ఆరోగ్యవంతుల స్థాయికి తీసుకెళ్తే ఇంకా మంచిది కదా అన్న ఆలోచన సహజంగానే వచ్చింది. గుండె మీద భారం తగ్గుతుందనుకున్నారు. పరీక్షించి చూశారు.

కిడ్నీ రోగులపై చేసి 2006లో ప్రచురించిన కోయిర్ అనే ట్రయల్‌లో ఒక వర్గానికి హిమోగ్లోబిన్ 13.5, ఇంకో వర్గానికి 11.3 లక్ష్యంగా పెట్టారు. ఎక్కువ లక్ష్యం పెట్టుకున్న వర్గంలోనే మరణాలు, గుండెపోట్లు, గుండె వైఫల్యం, పక్షవాతం కలిపి చూస్తే ఎక్కువయ్యాయి. 2009లో ట్రీట్ అనే ఇంకా పెద్ద ట్రయల్ వచ్చింది. షుగరూ కిడ్నీ జబ్బూ రెండూ ఉన్న 4,038 మందిని తీసుకున్నారు. ఎక్కువ రోజులు పనిచేసే ఈపీఓ రకం డార్బీపొయిటిన్‌తో హిమోగ్లోబిన్‌ను 13కు చేర్చాలని చూసిన వర్గంలో 101 మందికి పక్షవాతం వస్తే, రెండో వర్గంలో 53 మందికి వచ్చింది. సుమారు రెట్టింపు. ఈ లోపే 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించమంది. ఇప్పుడు కిడ్నీ రోగుల్లో హిమోగ్లోబిన్‌ను 10 నుంచి 11.5 మధ్య ఉంచితే చాలంటున్నారు. "నాది ఇంకా 11 దగ్గరే ఉంది, డోసు పెంచండి" అని అడిగే రోగికి డాక్టరు ఒప్పుకోకపోవడం నిర్లక్ష్యం కాదు. పూర్తిగా నయమయ్యే అవకాశం ఉన్న క్యాన్సర్లలోనూ ఈ మందులు సాధారణంగా వాడరు.

ఈపీఓ ఇచ్చినా ఫలితం రాకపోతే ముందు చూడాల్సింది ఐరన్. కబురు అందినా సరుకు లేకపోతే పని జరగదు.

ఇంజెక్షన్లకు బదులు మాత్రలు కూడా వచ్చాయి. ఆక్సిజన్ తగ్గిందని కణాలు ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకు కేలిన్, ర్యాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ ఇచ్చారు. ఆ పరిశోధన నుంచి పుట్టినవే రాక్సాడుస్టాట్, డాప్రోడుస్టాట్, వాడాడుస్టాట్, డెసిడుస్టాట్. ఆక్సిజన్ తక్కువగా ఉందని శరీరాన్ని నమ్మించి, ఈపీఓను అదే తయారుచేసుకునేలా చేస్తాయి. సూది బాధ లేదు గానీ, రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించిన ఆందోళన వీటితోనూ ఉంది.

తెల్లకణాలకు ఇలాంటి కబురు మందు ఫిల్‌గ్రాస్టిమ్. 1991లో వచ్చింది. ఎక్కువ రోజులు పనిచేసే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ 2002లో వచ్చింది. కీమో అయిన కనీసం ఒక రోజు తర్వాత దీన్ని ఇస్తారు. ఎముకల్లో నొప్పులు రావడం మామూలే. న్యూట్రోఫిల్స్ తగ్గిన ప్రతివాళ్లకూ ఇది అవసరం లేదు. జ్వరంతో కూడిన న్యూట్రోఫిల్ పతనం ముప్పు 20 శాతం దాటే కీమోలకు ముందుజాగ్రత్తగా ఇస్తారు. న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 కంటే పడిపోయిన మనిషికి జ్వరం వస్తే మాత్రం అది ఎమర్జెన్సీ. అప్పుడు ప్రాణం కాపాడేది ఈ ఇంజెక్షన్ కాదు, గంటలోపు మొదలుపెట్టే యాంటీబయాటిక్.

మన ఒళ్లే మనమీద తిరగబడితే

ప్లేట్‌లెట్ల మామూలు లెక్క మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. వీటి విషయంలో ఉన్నంత కంగారు మరి దేని విషయంలోనూ చూడం. డెంగీలో ప్లేట్‌లెట్లు 20 వేలకు పడిపోయినా రక్తస్రావం లేని పెద్దలకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించి చూశారు. 2017లో వచ్చిన ఆ ట్రయల్ ఫలితాల్లో రక్తస్రావం తగ్గలేదు, పైగా దుష్ఫలితాలు ఎక్కువయ్యాయి.

ఐటీపీ అనే జబ్బులో రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేస్తుంది. 30 వేల పైన ఉండి రక్తస్రావం లేని పెద్దలకు చాలాసార్లు మందే ఇవ్వరు, కనిపెట్టి చూస్తారు. పిల్లల్లో ఇంకా ఓపిక పడతారు, ఎందుకంటే ఎక్కువమందిలో అది దానంతటదే తగ్గిపోతుంది. మందు అవసరమైతే మొదట స్టెరాయిడ్. అదీ ఆరు వారాలకు మించకుండా. స్టెరాయిడ్‌తో కౌంట్ నిలబడుతోందని నెలల తరబడి సాగదీస్తే షుగరు, ఎముకల బలహీనత, ఇన్ఫెక్షన్లు వెంటపడతాయి. త్వరగా పెంచాల్సి వస్తే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు, దాని ప్రభావం వారాల్లో దిగిపోతుంది.

ఆ తరువాతి మెట్టు కబురు మందులదే. ప్లేట్‌లెట్లను తయారుచేయమనే హార్మోన్ థ్రాంబోపొయిటిన్ 1994లో దొరికింది. దానిలో కొంత భాగాన్ని మందుగా తయారుచేసి ఆరోగ్యవంతులైన వలంటీర్లకు ఇస్తే కొందరి శరీరాలు దానిమీద యాంటీబాడీలు తయారుచేశాయి. అవి వాళ్ల సొంత హార్మోన్‌ను కూడా అడ్డుకున్నాయి. ప్లేట్‌లెట్లు పెంచాల్సిన మందు వల్లే ప్లేట్‌లెట్లు పడిపోయాయి. దాంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. 2008లో వచ్చిన రోమిప్లోస్టిమ్ ఇంజెక్షన్, ఎల్ట్రాంబోపాగ్ మాత్ర ఆ హార్మోన్ చేసే పనే చేస్తాయి గానీ నిర్మాణంలో దానితో పోలికే ఉండదు. ఎల్ట్రాంబోపాగ్‌ను కాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకోకూడదు, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఉన్నట్టుండి ఆపేస్తే కౌంట్ మునుపటికన్నా కిందికి జారవచ్చు.

ఎప్లాస్టిక్ అనీమియాలో రోగనిరోధక కణాలు మూలుగలోని మూలకణాలనే చంపేస్తాయి. మూడు రకాల కణాలూ తగ్గుతాయి. వయసులో ఉండి, కణజాలం రకం (హెచ్‌ఎల్‌ఏ) సరిపోయే తోబుట్టువు ఉంటే మూలుగ మార్పిడి. లేదంటే ఆ రోగనిరోధక దాడిని అణచడానికి గుర్రం నుంచి తయారుచేసిన ఏటీజీ అనే యాంటీబాడీ, సైక్లోస్పోరిన్, వాటితోపాటు ఎల్ట్రాంబోపాగ్ మూడూ కలిపి ఇస్తారు. కుందేలు నుంచి చేసిన ఏటీజీ ఇంకా బలమైనది కాబట్టి ఇంకా బాగా పనిచేస్తుందని ఆశించారు. 2011లో వచ్చిన ఫలితాల్లో ఆరు నెలలకు గుర్రం ఏటీజీతో 68 శాతం మంది కోలుకుంటే, కుందేలుదానితో 37 శాతమే కోలుకున్నారు. ఈ చికిత్సకు ఫలితం కనబడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ నెలలు రోగికీ ఇంట్లోవాళ్లకూ నిజంగా పరీక్షే.

ఎర్రకణాలు మధ్యలోనే చితికిపోయే జబ్బుల్లో మందులు మళ్లీ వేరు. రోగనిరోధక వ్యవస్థే ఎర్రకణాలను చితకగొట్టే ఆటోఇమ్యూన్ హిమోలిసిస్‌లో రెండు రకాలు: వామ్ రకానికి స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది, కోల్డ్ రకానికి దాదాపు పనిచేయదు. ఎర్రకణాలు రక్తంలోనే పగిలిపోయే పీఎన్‌హెచ్ అనే అరుదైన జబ్బుకు 2007 నుంచి ఎకులిజుమాబ్ ఉంది. అది వాడేవాళ్లకు మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్ ముప్పు చాలా ఎక్కువ, టీకా తప్పనిసరి.

ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుకు హైడ్రాక్సీయూరియా పాత మందు. గర్భంలోని శిశువుకు ఉండే రకం హిమోగ్లోబిన్‌ను అది పెంచుతుంది, నొప్పుల దాడులు తగ్గుతాయి. 2019లో వాక్సెలోటర్ అనే కొత్త మందుకు త్వరితగతిన అనుమతి ఇచ్చారు. ఆధారం, అది హిమోగ్లోబిన్‌ను పెంచడం. 2024 సెప్టెంబరులో తయారీ కంపెనీ ఫైజర్ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. వాడినవాళ్లలో నొప్పుల దాడులు, మరణాలు ఎక్కువగా ఉన్నట్టు కనబడటమే కారణం.

మందే కారణమైతే

కొన్నిసార్లు చికిత్స అంటే మందు ఆపడమే. ఆస్పత్రిలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజులకు ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే అనుమానించాల్సింది ఆ హెపారిన్‌నే. ఇక్కడ ప్లేట్‌లెట్లు తగ్గినా అసలు ప్రమాదం రక్తస్రావం కాదు, రక్తం గడ్డకట్టడం. కాబట్టి హెపారిన్ ఆపి, గడ్డకట్టకుండా చూసే ఇంకో మందు ఇవ్వాలి. సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించరు.

స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్ వల్ల తెల్లకణాలు పడిపోయి 1975లో ఫిన్లాండ్‌లో 8 మంది చనిపోయారు. అయినా మందు పూర్తిగా పోలేదు. దానితో తప్ప తగ్గని రోగులు ఉన్నారు కాబట్టి, తరచూ రక్తపరీక్షలు చేస్తూ మళ్లీ వాడుకలోకి తెచ్చారు. థైరాయిడ్ ఎక్కువైనవాళ్లకు ఇచ్చే కార్బిమజోల్, మెథిమజోల్ కూడా అరుదుగా ఇదే పని చేస్తాయి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. రెండు పరీక్షల మధ్యలో ఉన్నట్టుండి పడిపోవచ్చు కాబట్టి ఇక్కడ పాత రిపోర్టు బాగుందన్న ధీమా పనికిరాదు. ఈ మందు వాడుతున్న మనిషికి జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే మాత్ర ఆపేసి, డాక్టరుకు చెప్పి, అదే రోజు తెల్లకణాల కౌంట్ చూపించుకోవాలి.